ఎస్పెరాంటో సులువే, మాట్లాడే మనిషి దొరికితే

ఎస్పెరాంటో ప్రపంచంలోకెల్లా సులువైన భాష అనేవారి మాటను చాలావరకు నమ్మవచ్చు. నమ్మకూడని కొంత భాగం ఉంది. దాని గురించి వాళ్లు చెప్పరు, ఎందుకంటే అలా అనేవారిలో ఎక్కువమంది యూరప్‌వాళ్లు, వాళ్లకు ఆ ఇబ్బంది ఎదురే కాదు. నేను తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి కౌంటర్‌లో రాత్రి డ్యూటీ చేస్తాను. గదులన్నీ నిండాక తెల్లవారే వరకు పెద్దగా పని ఉండదు. ఆ ఖాళీలో కొన్నేళ్లుగా ఈ భాషను చదువుతున్నాను, రాస్తున్నాను, ఫోనులో మాట్లాడుతున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. లుద్విక్ జామెన్‌హోఫ్ అనే కంటి వైద్యుడు 1887లో వార్సాలో ఈ భాష మొదటి పుస్తకాన్ని అచ్చు వేయించాడు. ఆయన పుట్టిన బ్యాలిస్తోక్‌లో పోలిష్, రష్యన్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు ఒకరంటే ఒకరికి పడకుండా బతికేవారు. ఎవరి సొంతమూ కాని భాష ఒకటి అందరికీ రెండో భాషగా ఉంటే ఈ గొడవ తగ్గుతుందని ఆయన ఆశ. చిత్తూరు వైపు పెరిగినవాడికి ఈ వాదన అంత తేలిగ్గా మింగుడుపడదు. మా సంతల్లో తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కనే తిరుగుతాయి. ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు బేరం ఆడతారు, తరాజు మాత్రం ఒక్కటే. మధ్యలో ఇంకో భాష కావాలని ఎవరికీ తోచలేదు.

వ్యాకరణం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. మూల సూత్రాలు పదహారు. నామవాచకం 'ఓ'తో, విశేషణం 'ఆ'తో ముగుస్తాయి. క్రియకు వర్తమానంలో 'అస్', భూతంలో 'ఇస్', భవిష్యత్తులో 'ఓస్' చేరతాయి. మినహాయింపులు లేవు. ఇంగ్లీషు క్రియల పట్టికలు బట్టీ పట్టిన తరానికి ఇదొక్కటే చాలు, సగం ప్రేమ పుట్టేస్తుంది. మాటలు కట్టే పద్ధతి మిగతా సగం. 'సానా' అంటే ఆరోగ్యంగా ఉన్న. ముందు 'మల్' చేరిస్తే అర్థం తలకిందులై 'మల్‌సానా', అంటే జబ్బుపడ్డ. మనిషిని సూచించే 'ఉల్' తగిలిస్తే 'మల్‌సానూలో', రోగి. చోటును సూచించే 'ఏయ్' కూడా తగిలిస్తే 'మల్‌సానులేయో', ఆసుపత్రి. తిరుపతిలోని రుయా ఆసుపత్రి ముందు బస్సు కోసం నిలబడినప్పుడల్లా ఈ మాటను విప్పి, మళ్లీ కట్టడం నాకు అలవాటైపోయింది.

ఇక తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన లాభాలున్నాయి, వీటి గురించి ఏ పాఠంలోనూ నాకు కనబడలేదు. ప్రశ్నార్థకాలకు, వాటి జవాబులకు కలిపి నలభై అయిదు మాటల పట్టిక ఒకటుంది. కీయే అంటే ఎక్కడ, తీయే అంటే అక్కడ. కియామ్ ఎప్పుడు, తియామ్ అప్పుడు. కియోమ్ ఎంత, తియోమ్ అంత. కొత్తవాళ్లు దీన్ని చూసి బెంబేలెత్తుతారు. మనం ఎక్కడ-అక్కడ, ఎప్పుడు-అప్పుడు, ఎంత-అంత అంటూ పెరిగినవాళ్లం, మొదటి అక్షరం మార్చడం మనకు ఆట. పైగా 'ఇక్కడ'కు మనకు విడిగా మాట ఉంది, వాళ్లు 'చి తీయే' అని రెండు మాటలు వాడాలి. ఈ ఒక్క చోట జామెన్‌హోఫ్ కంటే మన పూర్వులే మెరుగు.

'నిన్న వచ్చిన అతిథి' అన్నది చూడండి. యూరప్‌వాళ్లు 'అతిథి, ఎవరైతే నిన్న వచ్చాడో' అన్న తీరున సాగదీస్తారు. ఎస్పెరాంటోలో 'లా హియెరావ్ వెనింతా గాస్తో' అని మన వరసలోనే చెప్పవచ్చు. వచ్చే వారానికి 'వెనోంతా సెమాయ్నో'. వ్యాకరణం ప్రకారం ఇవి నిక్షేపంలాంటి ప్రయోగాలు. కాకపోతే వరసగా అలాగే రాస్తే చదివేవాళ్లకు గ్రాంథికంలా అనిపిస్తుందట. నాతో ఉత్తరాలు నడిపే ఒక చెక్ పెద్దాయన కాస్త తేలిక చేయమని మర్యాదగానే చెప్పారు. ఉచ్చారణలోనూ మనకు కలిసొచ్చేది ఒకటుంది. 'చలి', 'చాలు' అనేటప్పుడు నాలుక పళ్ల దగ్గర చేసే ధ్వని ఈ భాషలో మామూలు అక్షరం. మనకు దాన్ని ఎవరూ నేర్పక్కర లేదు.

తెలుగువాళ్లు జారేది చాలా సులువనుకున్న చోటే. కర్మకు చివర 'న్' చేర్చాలి. ఇంగ్లీషువాళ్లకు ఇదో గండం. మనకేం, 'ని', 'ను' ఉన్నాయిగా అనుకుంటాం. కుక్క పిల్లిని కరిచినా, పిల్లిని కుక్క కరిచినా కరిచింది కుక్కే. అక్కడా అంతే: 'లా హుందో మోర్దస్ లా కాతోన్' అన్నా, 'లా కాతోన్ మోర్దస్ లా హుందో' అన్నా దెబ్బ పిల్లికే. కానీ మనం ప్రాణం ఉన్నవాటికే 'ని' తప్పనిసరిగా పెడతాం. పుస్తకం చదువుతాం, టీ తాగుతాం. 'టీని తాగుతాను' అన్నవాడిని ఎగాదిగా చూస్తాం. ఎస్పెరాంటోకు ఆ విచక్షణ లేదు, టీకైనా 'న్' పడాల్సిందే: 'మి త్రింకస్ తేఓన్'. మనుషుల దగ్గర పొరపాటు చేయని తెలుగువాడు వస్తువుల దగ్గరకు రాగానే ఆ 'న్' మింగేస్తాడు.

పదజాలం దగ్గర అసలు పేచీ. మాటల్లో ఎక్కువ భాగం లాటిన్ సంతతి, కొన్ని జర్మన్, కొన్ని రష్యన్ వైపువి. ఇంగ్లీషు వచ్చినవాడు 'బిర్దో' పక్షి అని, 'సూనో' సూర్యుడని ఇట్టే పట్టేస్తాడు. ఇంగ్లీషు రాని మా అమ్మకు ఈ రెండూ అరబ్బీతో సమానం. నేను నేర్చుకున్నదంతా ఇంగ్లీషు పాఠాల ద్వారానే. అందరికీ సమానమైన భాషలోకి వెళ్లే దారి ఇంగ్లీషు వాకిలి గుండా ఉండడం నాకు మింగుడుపడని సంగతి. బంధుత్వాల విషయంలో మరీ పేదరికం. మేనమామ, బాబాయి, పెదనాన్న అందరూ 'ఓంక్లో'లే. తండ్రి 'పాత్రో', దానికి స్త్రీ ప్రత్యయం తగిలిస్తే తల్లి 'పాత్రీనో'. తల్లిని తండ్రి మాటలోంచి పుట్టించడం మీద ఎస్పెరాంటోవాళ్లలోనే ఏళ్లుగా వాదాలున్నాయి. మనం, మేము రెంటికీ 'ని' ఒక్కటే. నువ్వు, మీరు రెంటికీ 'వి'. పెద్దవాళ్లతో 'వి' అంటున్నప్పుడు తెలియకుండానే కాస్త వంగి కూర్చుంటాను.

"ఏమయ్యా, ఇది ఏ దేశం భాష?" అని మా లాడ్జి యజమాని అడిగారు. ఏ దేశానిదీ కాదు సార్ అంటే, "అయితే ఏ దేశంవాడు మన దగ్గర గది తీసుకుంటాడు?" అన్నారు. కౌంటర్ లెక్కలో ఆయన మాటకు తిరుగు లేదు. తమిళం ఏ పుస్తకమూ చూడకుండా చెవితో నేర్చుకున్నాను, అది రోజూ అన్నం పెడుతోంది. తిరుపతిలో ఎస్పెరాంటో మాట్లాడే మనిషి నాకు ఇప్పటికీ తారసపడలేదు. సంస్కృతంలో సంభాషణ కావాలంటే విశ్వవిద్యాలయం వైపు నడిస్తే చాలు.

మనుషులు దొరికేది తెర మీదే. తెల్లవారుజామున నాలుగున్నరకు, కొండకు వెళ్లేవారు తాళంచెవులు అప్పగించే వేళకు, జపాన్‌లో ఎనిమిది అవుతుంది. అక్కడ ఉద్యోగ విరమణ చేసిన ఒక టీచరమ్మ ఆ సమయానికి టీ పెట్టుకుని కూర్చుంటారు. ఆమె నోట 'ల' సరిగా పలకదు, 'లా' కాస్తా 'రా' అవుతుంది. నాకు 'జ' దగ్గర ఇబ్బంది, ఎస్పెరాంటోలో దానికి మూడు నాలుగు ఛాయలున్నాయి. ఆమె మాట కోసం వెతుక్కుంటే నేను ఆగుతాను, నేను వెతుక్కుంటే ఆమె ఆగుతారు. కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఎదుటివాడు ఎప్పుడూ నాకంటే ఒక మెట్టు పైన నిలబడి ఉంటాడు. ఇక్కడ ఆ మెట్టే లేదు. ఇన్నేళ్లూ ఈ భాషను వదలకపోవడానికి ఈ సంభాషణే కారణం, పదహారు సూత్రాలు కావు.

చదవడానికి సరుకు బాగానే ఉంది. ఎస్పెరాంటో వికీపీడియాలో వ్యాసాలు మూడు లక్షలు దాటాయి, కోట్ల మంది మాట్లాడే మన తెలుగులో లక్ష దాటాయి. ప్రయాణాలు చేసేవారికి 'పాస్‌పోర్తా సేర్వో' ఉంది: ఎస్పెరాంటో వచ్చిన అతిథికి ఇంట్లో ఉచితంగా పడక ఇచ్చేవారి జాబితా, 1974 నుంచి నడుస్తోంది. లాడ్జిలో జీతం తీసుకునే నేను దాన్ని మెచ్చుకోవడం వృత్తిద్రోహమే, అయినా మెచ్చుకుంటున్నాను.

మొదలుపెట్టేవారు డబ్బు ఖర్చు పెట్టకండి. 2002 నుంచి ఉన్న లెర్ను వెబ్‌సైట్‌లో వ్యాకరణం, పాఠాలు అన్నీ ఉచితం. ఈ భాషలో కొన్ని అక్షరాల నెత్తిన టోపీలాంటి గుర్తు ఉంటుంది, అవి ఫోనులో రాకపోతే పక్కన ఇంగ్లీషు 'ఎక్స్' అక్షరం పెట్టి రాయండి, అందరికీ అర్థమవుతుంది. ఉద్యోగం కోసమైతే ఈ సమయాన్ని తమిళానికో హిందీకో ఇవ్వండి. లేదంటే మొదటి నెల తిరక్కముందే మాట్లాడే తోడు ఒకరిని వెతుక్కోండి, జపాన్ వైపైతే మన రాత్రి డ్యూటీవాళ్లకు వేళలు బాగా కుదురుతాయి.