పీఎస్5, సిరీస్ ఎక్స్: రెండూ చాలాకాలం వాడాక ఏది ఎవరికో

2020 నవంబర్‌లో రెండే రోజుల తేడాతో వచ్చిన గేమ్ కన్సోల్‌లు, సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మా టీవీ కింద చాలాకాలంగా పక్కపక్కనే ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు నన్ను మొదట అడిగేది "రెండిట్లో ఏది పవర్‌ఫుల్?" అని. నన్నడిగితే ఆ ప్రశ్న చివరన రావాలి. మీ పాత గేమ్‌లు ఏ అకౌంట్‌లో ఉన్నాయి, మీతో ఆడే స్నేహితులు ఎక్కడ ఉన్నారు, ఏ కంట్రోలర్ మీ చేతికి నచ్చింది అన్న మూడూ ముందు తేల్చుకోవాలి.

పవర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్రాఫిక్స్ చిప్ బలం సిరీస్ ఎక్స్‌లో సుమారు 12 టెరాఫ్లాప్స్ (లెక్కలు చేసే వేగానికి కొలత), పీఎస్5లో 10.28. గేమ్‌లు దాచే డ్రైవ్, అంటే ఎస్ఎస్‌డీ, వేగంలో పీఎస్5 ముందుంది: సెకనుకు 5.5 జీబీ, అవతలిది 2.4 జీబీ. మెమరీ రెండిట్లోనూ 16 జీబీయే. ఇంత తేడా ఉన్నా, ఒకే గేమ్‌ను రెండిట్లోనూ నడిపి సోఫాలో కూర్చుని చూస్తే ఏది దేనిమీద ఆడుతోందో చెప్పడం కష్టం. ఒక గేమ్ దీనిమీద కాస్త సాఫీగా నడిస్తే, ఇంకోటి దానిమీద. అది గేమ్ తయారుచేసినవాళ్ల పనితనాన్ని బట్టి ఉంటుంది.

అసలు తేడా చేతిలో తెలుస్తుంది. పీఎస్5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్లు (చూపుడువేళ్లతో నొక్కే బటన్లు) గేమ్‌ను బట్టి బిగుసుకుంటాయి, వదులవుతాయి. గ్రాన్ టురిస్మో 7లో బ్రేక్ గట్టిగా నొక్కితే ట్రిగ్గర్ వేలికి ఎదురు తంతుంది, టైరు పట్టు పోతోందని చూపు కంటే ముందు వేలికే తెలుస్తుంది. షూటింగ్ గేమ్ రిటర్నల్‌లో ఎడమ ట్రిగ్గర్ సగం నొక్కితే గురి, పూర్తిగా నొక్కితే రెండో రకం కాల్పు. ఆ సగం దగ్గర వేలికి ఒక ఆపు తగులుతుంది. ఆటలో వాన పడితే, కంట్రోలర్ అదిరే తీరుకు చినుకులు అరచేతిలో పడుతున్నట్టే ఉంటుంది. కొత్త మోజు తీరాక ఇదంతా మామూలైపోతుందనుకున్నవాళ్లున్నారు. నాకైతే ఇప్పటికీ కాలేదు. ఇవేవీ లేని కంట్రోలర్‌తో రేసింగ్ గేమ్ ఆడితే వేళ్లకు ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. అయితే అన్ని గేమ్‌లూ దీన్ని ఇంత శ్రద్ధగా వాడవు. సోనీ సొంత స్టూడియోల గేమ్‌లలో కనిపించినంత పనితనం బయటివాళ్ల గేమ్‌లలో అరుదు. వేళ్లు నొప్పి పుట్టేవాళ్లు సెట్టింగ్స్‌లో దాని బలం తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపేయొచ్చు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ఇంత ఆర్భాటం చేయదు. పట్టు బాగుంటుంది, రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది. ఇది పాతకాలపు పద్ధతని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రీచార్జబుల్ సెల్స్ ఒక జత పక్కన పెట్టుకుంటే ఆట మధ్యలో కేబుల్ వెతుక్కునే టెన్షన్ ఉండదు, బ్యాటరీ పాతబడితే మార్చేది సెల్సే, కంట్రోలర్ కాదు. పైగా ఎక్స్‌బాక్స్ వన్ కాలం నాటి కంట్రోలర్లు సిరీస్ ఎక్స్ గేమ్‌లకు కూడా పనిచేస్తాయి. పీఎస్4 కంట్రోలర్‌తో పీఎస్5 గేమ్‌లు ఆడలేం. నలుగురు కలిసి ఆడే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక ఎక్స్‌బాక్స్‌లోని క్విక్ రెజ్యూమ్. రోజంతా పని చేసి రాత్రి అరగంటే దొరికేవాళ్లకు ఇంతకంటే పెద్ద వరం లేదు. గేమ్ ఎక్కడ ఆపామో ఆ స్థితిని మొత్తం ఎస్ఎస్‌డీలో దాచి, కొన్ని క్షణాల్లో మళ్లీ అక్కడే నిలబెడుతుంది. లోగోలు, మెనూలు, సేవ్ ఫైల్ ఎంచుకోవడం ఏమీ ఉండదు. ఒక్క గేమ్‌కే కాదు, ఒకేసారి చాలా గేమ్‌లకు. మధ్యలో ప్లగ్ పీకేసినా ఆ స్థితి పోదు. పీఎస్5 రెస్ట్ మోడ్‌లో నిలిపి ఉంచేది ఒకే ఒక్క గేమ్‌ని, రెండోది తెరిస్తే మొదటిది మూసేయాల్సిందే. ఆన్‌లైన్ గేమ్‌లకు మాత్రం క్విక్ రెజ్యూమ్ పెద్దగా ఉపయోగపడదు, సర్వర్‌తో కనెక్షన్ ఎలాగూ తెగిపోయి ఉంటుంది కాబట్టి. గేమ్‌కు అప్‌డేట్ వచ్చినా దాచిన స్థితి పోతుంది, అందుకే మామూలు సేవ్ కూడా చేసుకుంటూ ఉండాలి.

సేవ్ ఫైళ్ల విషయంలో నాకు సోనీ పద్ధతి అస్సలు నచ్చలేదు. ఎక్స్‌బాక్స్‌లో అవి ఉచితంగానే క్లౌడ్‌లోకి వెళ్తాయి. పీఎస్5లో క్లౌడ్ కావాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి, పీఎస్5 గేమ్‌ల సేవ్‌లను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి తీసుకునే వీలూ లేదు. నెలల తరబడి ఆడిన ఆట గతి చందా మీద ఆధారపడటం అన్యాయం.

స్టోరేజీలో పీఎస్5కే నా ఓటు. 2020 మోడల్ లోపల ఉన్న 825 జీబీలో గేమ్‌లకు మిగిలేది 667 జీబీ దాకా, సిరీస్ ఎక్స్ 1 టీబీలో 802 జీబీ. పెద్ద గేమ్‌లు నాలుగైదు పెడితే రెండూ ఇరుకైపోతాయి. 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి పీఎస్5లో తగిన వేగం, హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకు) ఉన్న ఏ కంపెనీ ఎం.2 రకం ఎస్ఎస్‌డీ అయినా మనమే బిగించుకోవచ్చు. మూత తీసి స్క్రూలు తిప్పితే సరి. ఎక్స్‌బాక్స్‌కు దానికోసమే చేసిన కార్డు కొనాలి. వెనక గుచ్చితే చాలు, తేలికే, కానీ ఎంచుకోవడానికి ఎక్కువ రకాలు ఉండవు. మామూలు యూఎస్‌బీ డ్రైవ్‌లో కొత్త తరం గేమ్‌లు దాచుకోవడమే, అక్కడి నుంచి ఆడలేం.

ఇప్పుడు అకౌంట్ దగ్గరికి వద్దాం. పీఎస్5 దాదాపు అన్ని పీఎస్4 గేమ్‌లనూ ఆడిస్తుంది, పీఎస్3 డిస్క్‌లను ఆడించదు. సిరీస్ ఎక్స్ మొదటి ఎక్స్‌బాక్స్, 360 కాలం నాటి ఎన్నో గేమ్‌లను ఆడిస్తుంది. అయితే ఆ జాబితాలో కొత్తవి చేర్చడం 2021 నవంబర్‌తో ఆగింది, మీ పాత డిస్క్ అందులో ఉందో లేదో చూసుకోండి. మైక్రోసాఫ్ట్ సొంత గేమ్‌లు చాలావరకు గేమ్ పాస్ (చందా కట్టి ఎన్నో గేమ్‌లు ఆడుకునే పథకం) పై ప్లాన్‌లో విడుదల రోజే వచ్చేస్తాయి. రకరకాల గేమ్‌లు రుచి చూసేవాళ్లకు అది బాగుంటుంది. ఏడాదికి రెండు మూడు గేమ్‌లు తీరిగ్గా పూర్తిచేసే నాలాంటివాళ్లకు విడిగా కొనుక్కోవడమే మేలు. ఎందుకంటే గేమ్ పాస్ నుంచి వెళ్లిపోయే గేమ్‌లూ ఉంటాయి, సగంలో ఉన్న ఆటను ఉరుకులు పరుగులతో ముగించడం నాకు ఇష్టం ఉండదు.

"ఫలానా గేమ్ దీనిమీదే వస్తుంది" అన్న వాదన కూడా బలహీనపడింది. మైక్రోసాఫ్ట్ గేమ్‌లైన సీ ఆఫ్ థీవ్స్ 2024లో, ఫోర్జా హొరైజన్ 5 2025లో పీఎస్5కు వచ్చేశాయి. ఎక్స్‌బాక్స్ వైపు వెళ్లిన సోనీ గేమ్‌లు మాత్రం చాలా తక్కువ. ఇవాళ కథల గేమ్‌ల కోసం ఒక్కటే కొంటానంటే పీఎస్5 అంటాను. పాత ఎక్స్‌బాక్స్ లైబ్రరీ, కంట్రోలర్లు ఇంట్లో ఉన్నవాళ్లు, దొరికిన అరగంటలో ఆడుకునేవాళ్లు మాత్రం సిరీస్ ఎక్స్ వైపు వెళ్లండి. స్నేహితులంతా ఒకవైపే ఉంటే, వాళ్లు ఆడే గేమ్‌లో క్రాస్‌ప్లే (వేర్వేరు కన్సోల్‌ల వాళ్లు కలిసి ఆడే వీలు) ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే వాళ్లున్న కన్సోలే కొనాలి. డిస్క్‌లు ఉన్నవాళ్లు ఎక్స్‌బాక్స్‌లో చవక మోడల్ సిరీస్ ఎస్ జోలికి వెళ్లకండి, దానికి డిస్క్ డ్రైవ్ లేదు. పీఎస్5లో ఖరీదైన మోడల్ పీఎస్5 ప్రో కొనేటప్పుడు కూడా డ్రైవ్ విడిగా కొనాలని గుర్తుంచుకోండి.