కాలిఫోర్నియా బండి, టెక్సస్ ప్లేటు: మేం తిరిగిన ఆఫీసులు

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్నన్నాళ్లూ లైసెన్స్‌కైనా, కారు రిజిస్ట్రేషన్‌కైనా డీఎంవీకే, అంటే వాహనాల శాఖకే వెళ్లేవాళ్లం. డాలస్ పక్కన ఫ్రిస్కోకి మారాక తెలిసింది, టెక్సస్‌లో ఈ రెండూ వేర్వేరు చోట్ల అని. ఇక్కడా డీఎంవీ ఉంది కానీ అది లైసెన్స్ జోలికి పోదు. లైసెన్స్ ఇచ్చేది డీపీఎస్, అంటే రాష్ట్ర పోలీసులుండే శాఖ. నంబర్ ప్లేటు కోసం కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లాలి. అన్నట్టు ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంటుంది. మీ ఇల్లు ఎటుందో ముందే చూసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లకి కారు ఉంటే, అది టెక్సస్‌లో రిజిస్టర్ అయినట్టు రుజువు చూపించందే డీపీఎస్ లైసెన్స్ ఇవ్వదు. అందుకని ముందు టెక్సస్ ఇన్సూరెన్స్, తర్వాత పొగ పరీక్ష (ఎమిషన్స్ టెస్ట్), ఆపైన ట్యాక్స్ ఆఫీసు, చివరికి డీపీఎస్. 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది. ఎలక్ట్రిక్ కారుకి అదీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్‌కి 30 రోజులు, లైసెన్స్‌కి 90 రోజులు గడువు.

ట్యాక్స్ ఆఫీసు మాకు బాగా నచ్చింది. రిజిస్ట్రేషన్ దరఖాస్తు 130-యూ ఫారం నింపి, కాగితాలిచ్చి, డబ్బు కట్టి, ప్లేట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చాం. కొత్తగా వచ్చినవాళ్ల పన్ను 90 డాలర్లు. రిజిస్ట్రేషన్ 50.75, దానిమీద చిల్లర ఫీజులు. కాలిఫోర్నియాలో కారు విలువ మీద 0.65 శాతం ఏటా కట్టి కట్టి ఉన్నామేమో, ఇది చూసి ప్రాణం లేచొచ్చింది. ఎలక్ట్రిక్ కారైతే మాత్రం ఏడాదికి 200 అదనం.

ఇక డీపీఎస్. కౌంటర్లో వాళ్లు మర్యాదగానే ఉన్నారు, అపాయింట్‌మెంట్ దొరకడమే నరకం. దగ్గరున్న ఆఫీసులకి వెబ్‌సైట్ వారాల తర్వాతి తేదీలు చూపిస్తుంది. రాష్ట్రంలో ఏ ఆఫీసుకైనా వెళ్లొచ్చు కాబట్టి గంట దూరంలో ఓ చిన్న ఊరు పట్టుకున్నాం. అక్కడ జనం లేరు, పార్కింగ్ గొడవ లేదు. అయితే ఐ-797, అంటే వీసా స్టేటస్ ఆమోదించినట్టు ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే కాగితం, వాళ్లకి పెద్దగా అలవాటు లేనట్టుంది, తిప్పి తిప్పి చూసి లోపల ఎవరినో అడిగొచ్చారు. అయినా నన్నడిగితే చిన్న ఊరే మేలు.

అడ్రస్‌కి రెండు రుజువులు కావాలి. బిల్లులన్నీ భర్త పేరు మీదే ఉండి భార్య ఇబ్బంది పడటం మనవాళ్లలో మామూలే. దానికి రెసిడెన్సీ అఫిడవిట్ అని, ఒకే ఇంట్లో ఉంటున్నామని రాసిచ్చే ఫారం ఉంది, ఇద్దరూ కలిసి వెళ్తే పని అయిపోతుంది.

వేరే రాష్ట్రం లైసెన్స్ అప్పగిస్తే పెద్దవాళ్లకి రాత పరీక్షా, డ్రైవింగ్ టెస్టూ ఉండవు. కంటి పరీక్ష, ఫొటో, వేలిముద్రలు, 33 డాలర్లు, అంతే. ఇండియా లైసెన్స్‌తో వచ్చిన ఎంఎస్ పిల్లలకి రెండు పరీక్షలూ తప్పవు. 25 ఏళ్లు నిండకపోతే ఆరు గంటల కోర్సు కూడా చేయాలి. కాలిఫోర్నియా టెస్టులో లేని ప్యారలల్ పార్కింగ్ ఇక్కడ ఉంటుంది, బాగా ప్రాక్టీస్ చేసి వెళ్లండి.

కార్డు పోస్టులో వచ్చేదాకా ఓ కాగితం ఇస్తారు. దాంతో బండి నడపొచ్చు గానీ ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో అది చెల్లదు. ఈలోపు ప్రయాణం పెట్టుకుంటే పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.