టీకాస్-2 వెర్షన్ 7.1: ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టే పెట్టె పనితనం

విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు, శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రులయ్యారు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం మాట లేని టీకొట్టు లేదు. పైలట్ కోర్సుకో, విమానాల మరమ్మతు కోర్సుకో వెళ్దామనుకునే మన పిల్లలకు, గాల్లో విమానాలు ఢీకొనకుండా పైలట్‌ను హెచ్చరించే టీకాస్ పెట్టె మీద ఈ సమీక్ష పనికొస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. పెట్టె గట్టిదే. కాకపోతే ఎదుటి విమానం పలకాలి, మన పైలట్ వినాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా అది అలంకారమే.

విమానం వీపు మీదొకటి, పొట్ట కిందొకటి యాంటెనాలు ఉంటాయి. 1030 మెగాహెర్ట్జ్ మీద ఇది అడుగుతుంది, ఎదుటి విమానంలోని ట్రాన్స్‌పాండర్ (అడిగితే రేడియోలో జవాబిచ్చే పరికరం) 1090 మీద జవాబిస్తుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఎత్తు ఆ జవాబులోనే ఉంటుంది. నేల మీది రాడార్‌తో పనే లేదు.

దీని అసలు తెలివి సెకన్ల లెక్కలో ఉంది. రణస్థలం దగ్గర హైవే దాటేవాడు లారీ ఎన్ని మీటర్ల దూరంలో ఉందని కొలవడు, ఎంతసేపట్లో మీదికొస్తుందని చూస్తాడు. ఇదీ అంతే. 20 వేల అడుగుల పైన, ఢీకొనడానికి 48 సెకన్ల ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటుంది, 35 సెకన్ల ముందు పైకో కిందికో ఆదేశమిస్తుంది. చెరో 450 నాట్ల (గంటకు సుమారు 830 కిలోమీటర్ల) వేగంతో ఎదురెదురుగా వస్తే 35 సెకన్లలో కరిగిపోయే దూరం 16 కిలోమీటర్లు. అంటే విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లి తిరిగొచ్చేంత, ఇంచుమించుగా.

తెరమీద పసుపు గుండ్రం హెచ్చరిక, ఎర్ర చదరం ఆదేశం. పక్కన '-05' ఉంటే అది మనకు 500 అడుగుల కింద ఉందని. దాని పక్కన పైకి బాణం కనిపిస్తే నిమిషానికి 500 అడుగులో, అంతకు మించో ఎక్కుతోందని. కుడి, ఎడమ తిరగమని మాత్రం ఎప్పుడూ చెప్పదు. దిక్కు లెక్క అంత కచ్చితంగా రాదు మరి.

'క్లైంబ్, క్లైంబ్' వినబడితే చాలా విమానాల్లో ఆటోపైలట్ తీసేసి, 5 సెకన్లలోపు ముక్కు ఎత్తి, నిమిషానికి 1500 అడుగుల వేగం అందుకోవాలి. మన యాసలో చెప్పాలంటే బేగి కదలాలి. ఆదేశం మధ్యలో తిరగబడితే గడువు రెండున్నర సెకన్లే. నేల మీద నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్‌కు 'టీకాస్ ఆర్ఏ' (ఆర్ఏ అంటే పెట్టె ఇచ్చే ఆదేశం) అని చెబితే చాలు, అనుమతి అడగక్కర్లేదు. పెట్టె 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' (ముప్పు తప్పింది) అన్నాక పాత ఎత్తుకు రావాలి.

కంట్రోలర్ ఒకటి, పెట్టె ఒకటి చెబితే? పెట్టె మాటే వినాలి. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్‌లింగెన్ మీద టుపొలెవ్ అనే రష్యా విమానం పైలట్లకు పెట్టె ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. వాళ్లు దిగారు. అవతలి బోయింగ్ 757 తన పెట్టె మాట విని దిగుతూనే ఉంది. రెండూ ఢీకొని 71 మంది పోయారు. ఇలాంటి చోట ఆదేశాన్ని తిప్పి చెప్పే లెక్క 7.1లో మెరుగైంది. గందరగోళంగా ఉండే 'అడ్జస్ట్ వర్టికల్ స్పీడ్' (ఎక్కే, దిగే వేగం సరిచేసుకో) పోయి 'లెవెల్ ఆఫ్' (ఎక్కకు, దిగకు) వచ్చింది. మా దృష్టిలో ఈ వెర్షన్‌లో పెద్ద మేలు ఈ రెండో మార్పే. అదిరిపడ్డ మనిషికి రెండు ముక్కల్లోనే చెప్పాలి.

మన దేశంలో ఇది తప్పనిసరి కావడానికి కారణం 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మందిని బలిగొన్న ప్రమాదం.

లోపాలూ ఉన్నాయి. ట్రాన్స్‌పాండర్ పలకని విమానం దీనికి లేనట్టే. 2006లో బ్రెజిల్ మీద ఒక చిన్న జెట్ ట్రాన్స్‌పాండర్ పనిచేయక, దానిదీ, ఎదురొచ్చిన బోయింగ్‌దీ రెండు పెట్టెలూ మూగబోయాయి, రెండూ ఢీకొని బోయింగ్‌లోని 154 మందీ చనిపోయారు. డ్రోన్లూ, తేలినీలాపురం పెలికాన్లూ కూడా దీని కంటికి ఆనవు. నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు ఆదేశాలే ఇవ్వదు.

ఇక ఉత్తుత్తి ఆదేశాల చిరాకు. ఒకటి పైకి, ఒకటి కిందికి జోరుగా వస్తూ వెయ్యి అడుగుల తేడాతో ఆగబోతున్నా, ఆగుతాయని పెట్టెకు తెలియదు, అరుస్తుంది. ఆఖరి వెయ్యి అడుగుల్లో వేగం నిమిషానికి 1500 అడుగులకు తగ్గిస్తే ఆ అరుపు చాలావరకు వినబడదు.