అంతర్వేదిలో గది మోసం, చెవులపిల్లి తీగ సాయం

నరసాపురం దాకా ప్రయాణం హాయిగా సాగింది. కారుతో సహా పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. అరగంటలో నరసింహస్వామి దర్శనం.

గది దగ్గరే దెబ్బ తిన్నాం. ఫోన్లో ఏసీ గది 1,600 అన్నారు. బ్యాగులు దించాక, "రిమోట్ కావాలంటే 500 వేరేనండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఇచ్చాం. రిమోట్‌లో బ్యాటరీల్లేవు! కుళాయిలో ఉప్పునీళ్లు, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. తాగడానికి 20 రూపాయల బాటిళ్లు ఆరు కొన్నాం. బావ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నా మాట వినండి, నరసాపురంలో పడుకుని పొద్దున్నే పంటు దాటండి.

ఆరింటికి 150 ఇచ్చి ఆటోలో గోదావరి సముద్రంలో కలిసేచోటికి, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లాం. ఇసుక మీద ఎటు చూసినా గరాటు ఆకారంలో ఊదా గులాబీ పూలు, గొంతు దగ్గర ఇంకాస్త ముదురు రంగు. మందపాటి ఆకు కొసన చీలి రెండు చెవుల్లా ఉంటుంది. అందుకే చెవులపిల్లి తీగ, చెవులపిల్లంటే కుందేలే. శాస్త్రజ్ఞులు లాటిన్‌లో మేక కాలు అని పెట్టారు. నాకైతే కుందేలే కనిపించింది. పక్కనే ముళ్లబంతుల్లాంటి గడ్డి, దాన్ని రావణాసురుడి మీసాలంటారు.

అక్క ఫొటో తీయబోయి ఆ తీగకే కాలు తట్టుకుని పడింది. చీలమండ వాచింది. బావ కోపంతో తీగ పీకబోతే, చేపలు ఎండబెడుతున్న ఒకావిడ కేకేసింది. "పీకకండి బాబూ, అదుంటేనే ఇసుక ఆగుద్ది!" నిజమే, ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగి ఉన్నాయి. ఉప్పు గాలికి, ఉప్పు తుంపరకి చలించదు. గింజలు సముద్రంలో తేలుతూ పోయి ఇంకో ఒడ్డున మొలుస్తాయట.

ఆవిడే నాలుగాకులు పెనం మీద వెచ్చచేసి, "కాలిలా పెట్టమ్మా" అంటూ పాత గుడ్డతో కట్టింది. జెల్లీచేప కుట్టినా దీని రసమే పూస్తారట. వాపు ఆకు వల్ల తగ్గిందో, కూర్చోబెట్టడం వల్ల తగ్గిందో చెప్పలేను. 100 ఇవ్వబోతే తీసుకోలేదు, ఎండు మెత్తళ్లు మాత్రం 200కి అమ్మింది.

అక్క నాలుగు పూలు తెచ్చి బాటిల్లో పెట్టింది. గది ఖాళీ చేసేసరికి అవి ముడుచుకుపోయాయి. ఇరవై నిమిషాలు ఆలస్యమైందని కుర్రాడు ఇంకో 200 అడిగాడు. బావ నోట్లు తీయలేదు, ఆ రిమోట్ బల్ల మీద పెట్టి కారెక్కాడు.