పూలా అరేనా, క్రొయేషియా: కొలోసియం చూసేసినవాళ్ళు కూడా వెళ్ళాల్సిందే

రోమ్‌లో కొలోసియం పెద్దదే, కాదనను, కానీ 1349 భూకంపంలో దాని బయటి గోడ దక్షిణం వైపు కూలిపోయింది. పూలా అరేనా కూడా అలాంటి రోమన్ ఆటల స్టేడియమే, కానీ ఇక్కడ బయటి గోడ చుట్టూ మొత్తం నిలబడి ఉంది, అందుకే రోమన్లు ఇలాంటివి ఎలా కట్టారో తెలుసుకోవాలంటే నా ఓటు దీనికే.

టికెట్ తీసుకునే ముందు బయట ఒక రౌండ్ వేయండి. సముద్రం వైపు చూస్తే మూడంతస్తులు, కొండ వైపుకి వస్తే రెండే, ఎందుకంటే కట్టింది వాలు నేల మీద, కొండ వైపు కూర్చునే వరసల్ని నేల మీదకే ఆనించేసి సముద్రం వైపు మాత్రం కింద నుంచి రాతితో లేపుకొచ్చారు, ఎంత రాయి ఎంత కూలి మిగిలి ఉంటుందో చూడండి! కింది రెండంతస్తులూ ఆర్చ్‌లు, పైది మాత్రం దీర్ఘచతురస్రపు కిటికీల్లాంటి ఖాళీలు. మొత్తం లోకల్ సున్నపురాయే, 1వ శతాబ్దం పని.

నాకు బాగా నచ్చినవి నాలుగు టవర్లు. పైకెక్కడానికి చెక్క మెట్లు వీటిలోనే ఉండేవి, పైన నీళ్ళ తొట్లు, వాటిలో సెంటు కలిపిన నీళ్ళు జనం మీద చల్లేవాళ్ళని చెప్తారు. ఒక టవర్ మీద గాబ్రియేలే ఎమో పేరుతో శిలాఫలకం ఉంది, దాన్ని వెతికి మరీ చూడండి. 1583లో, పూలా వెనిస్ పాలనలో ఉన్న రోజుల్లో, వెనిస్ సెనేట్‌లో ఈ అరేనాని రాయి రాయి విప్పి వెనిస్‌కి తీసుకెళ్ళి కట్టేద్దాం అంటే అడ్డుపడిన సెనేటర్ ఆయనే, ఆ మనిషికి దణ్ణం పెట్టాలి.

లోపల మాత్రం ముందే చెప్తున్నా, దాదాపు 23,000 మంది పట్టే వరసల్లో మిగిలింది తక్కువ, ఆ రాళ్ళన్నీ ఊళ్ళో వేరే కట్టడాలకి పట్టుకుపోయారు. నీడ కూడా ఉండదు, టోపీ, నీళ్ళు పెట్టుకోండి. కింద సొరంగంలోకి తప్పకుండా దిగండి, ఒకప్పుడు జంతువుల్ని ఉంచిన చోట ఇప్పుడు ఆలివ్ నూనె గానుగలు, ద్రాక్ష పిండే సామాన్లు, రెండు చెవుల మట్టి జాడీలు పెట్టారు, చల్లగా కూడా ఉంటుంది.

సమ్మర్‌లో ఇక్కడ కచేరీలు, ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతాయి, అప్పుడు స్టేజీ, కుర్చీలు వేసేస్తారు కాబట్టి గుడ్డు ఆకారం సరిగ్గా కనపడదు, కట్టడం కోసమే వెళ్ళేవాళ్ళు ఆ రోజులు తప్పించి ప్లాన్ చేసుకోండి.