సెకండ్ హ్యాండ్ కారు బేరంలో ఓబీడీ స్కానర్, పెయింట్ మీటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు నా సంచిలో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి అగ్గిపెట్టెంత బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారులోని కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలనీ రీడింగులనీ చదివి ఫోన్లో చూపించేది), రెండోది పెయింట్ మందం కొలిచే మీటర్. నాకోసం కొంత, చుట్టాలూ స్నేహితుల కోసం ఎక్కువ, కొన్నేళ్లుగా ఈ రెండూ వాడుతున్నాను. నేను మెకానిక్‌ని కాదు. కొన్నవన్నీ డీలర్ల దగ్గర కాదు, నేరుగా ఓనర్ల దగ్గరే. అందుకే ఈ సమీక్ష కూడా అక్కడికే పరిమితం. రిపేర్లు చేసుకోవడానికి ఇవి ఎలా పనికొస్తాయో వేరేవాళ్లు చెప్పాలి. బేరంలో ఏ మేరకు పనికొచ్చాయో నేను చెప్తాను.

ముందు స్కానర్ సంగతి. స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దాంట్లో గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లో యాప్ తెరవాలి. కలపడానికి పిన్ నంబర్ అడిగితే 1234 గానీ 0000 గానీ. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది కాబట్టి మరీ పాత బండి కాకపోతే చాలావరకు పనిచేస్తుంది. చవక స్కానర్లలో ఎక్కువ భాగం ఈఎల్ఎం 327 అనే చిప్‌కి నకళ్లు. అసలు చిప్ చేసిన కెనడా కంపెనీ 2022లో మూతపడింది. నకళ్లన్నీ చెత్త కావు గానీ, నేను మొదట కొన్నది కొన్ని బండ్లకు కనెక్టే అయ్యేది కాదు. ఓనర్ పక్కన నిలబడి చూస్తుంటే మనం ఫోన్ పట్టుకుని "కనెక్టింగ్" అని తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడం ఎంత ఇబ్బందో! కాస్త ఎక్కువ పెట్టి మంచిది కొన్నాక ఆ బాధ తప్పింది. ఐఫోన్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మామూలు బ్లూటూత్ స్కానర్ దానికి కలవదు, బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నదే తీసుకోవాలి.

ఎర్రర్ కోడ్ల కోసమే స్కానర్ అనుకుంటారు అందరూ. పీ0300 వస్తే ఇంధనం సరిగ్గా మండకపోవడం, అంటే మిస్‌ఫైర్, పీ0420 వస్తే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మీద అనుమానం, పీ0171 వస్తే ఇంజన్‌లోకి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ నా అనుభవంలో బేరాన్ని తిప్పింది కోడ్లు కాదు. అమ్మకానికి పెట్టిన బండిలో చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ దొరకడం అరుదు. ఎవరో ఒకరు చెరిపేసే ఉంటారు. చూడాల్సింది ఆ చెరిపిన గుర్తుని. "కోడ్లు చెరిపాక నడిచిన దూరం" అని ఒక రీడింగ్ ఉంటుంది, చాలా యాప్‌లు చూపిస్తాయి. అది 12 కిలోమీటర్లు అంటే నిన్నో మొన్నో ఎవరో చెరిపారనే. దాని పక్కనే రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి, ఉంటాయి. కోడ్లు చెరపగానే అవి "పూర్తి కాలేదు" అని మొదటికి వస్తాయి. కొన్ని రోజులు రకరకాలుగా నడిపితే గానీ మళ్లీ పూర్తవవు. బ్యాటరీ తీసి పెట్టినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది కాబట్టి ఇది చూడగానే ఓనర్‌ని దొంగని చూసినట్టు చూడకూడదు. "ఈమధ్య బ్యాటరీ మార్చారాండీ?" అని అడిగితే చాలు. మార్చిన బిల్లు చూపిస్తే సరే. లేదంటే, "ఇంకో వారం మామూలుగా నడపండి, మళ్లీ వచ్చి చూస్తాను" అంటాను. దాచిపెట్టేది ఏమీ లేనివాళ్లు సరేనంటారు. కాస్త కొత్త కార్లలో పర్మనెంట్ కోడ్లని ఇంకో రకం ఉంటాయి. వాటిని స్కానర్‌తో చెరపలేరు, బ్యాటరీ పీకినా పోవు. లోపం నిజంగా తీరాక బండే వాటిని తీసేసుకుంటుంది. యాప్‌లో ఆ పేజీ వేరుగా ఉంటుంది, వెతికి తెరవండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన రీడింగ్ మాత్రం కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత. ఇంజన్ చల్లగా ఉంచమని ఫోన్‌లోనే అడుగుతాను. వెళ్లగానే స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూస్తాను. రాత్రంతా నిలబడిన బండిలో కూలెంటూ, లోపలికి పోయే గాలీ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఒకసారి ఒక పెద్దాయన డీజిల్ కారు చూడ్డానికి వెళ్తే గాలి 29 డిగ్రీలు, కూలెంట్ 71. ఫోన్ ఆయన వైపు తిప్పి, "పొద్దున్నే ఎటన్నా వెళ్లొచ్చారాండీ?" అన్నాను.

ఆయన కాసేపు స్క్రీన్ వైపు చూసి, "లేదు బాబూ, తెల్లారి స్టార్ట్ అవ్వడానికి కాస్త మొరాయిస్తోంది. మీరొచ్చేసరికి ఇబ్బందెందుకని ఓసారి తిప్పి ఉంచాను" అన్నారు.

నిజం చెప్పారు, ఆ మాటతోనే ఆయన మీద గురి కుదిరింది. మర్నాడు తెల్లవారే వెళ్లాం. సెల్ఫ్ చాలాసేపు తిరిగి, తెల్లటి పొగతో అంటుకుంది. రెండు నిమిషాలకు పొగ పోయింది. ఇంజన్ సంగతి కాదు, గ్లో ప్లగ్గులూ (చల్లటి డీజిల్ ఇంజన్ అంటుకోవడానికి లోపల వేడి చేసేవి) బ్యాటరీ. ఆ రెండిటి ఖర్చు దగ్గరి వర్క్‌షాప్‌లో కాగితం మీద రాయించుకొచ్చి ఆయన ముందు పెట్టాం. ఆ మేరకు తగ్గించారు, బేరం అక్కడే తెగింది. అదే "స్టార్టింగ్ ట్రబుల్ ఉంది, బాగా తగ్గించండి" అని గాల్లో మాట్లాడితే ఆయన ఒక అంకె, మేం ఒక అంకె, సాయంత్రం దాకా గీచి గీచి బేరమాడేవాళ్లం. ఇంజనే పోయిందనుకుని మేం, బండిని తక్కువ చేస్తున్నామనుకుని ఆయన.

పెయింట్ మీటర్ ఇంకా తేలిక. బాడీ మీద ఆనిస్తే మైక్రాన్లలో (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందం చెప్తుంది. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మీద ఇంకోసారి పెయింట్ వేస్తే 200 దాటి 300 దాకా పోతుంది. 500, 600, వెయ్యి అని వస్తే కింద పుట్టీ ఉన్నట్టే. అంకె ఒక్కటే చూసి లాభం లేదు. కుడి డోరుకీ ఎడమ డోరుకీ, ముందు ఫెండర్‌కీ వెనక ఫెండర్‌కీ పోల్చి చూడాలి. చవక మీటర్లు ఇనుము మీదే పనిచేస్తాయి. అల్యూమినియం బానెట్ ఉన్న బండైతే రెండూ కొలిచేది కావాలి. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఏ మామూలు మీటరూ పనిచేయదు. చాలామంది అక్కడే ఆనించి "రీడింగ్ రావట్లేదు, మీటర్ పాడైంది" అంటుంటారు. వాడే ముందు దాంతో వచ్చిన ప్లేటు మీద సున్నాకి సరిచేసుకోవడం మర్చిపోవద్దు.

దీంతో నేను కొలవను, ఓనర్ చేతికే ఇస్తాను. "మీరే పెట్టి చూడండి" అంటాను. ఇది ఎత్తుగడ అనుకున్నా ఫరవాలేదు. ఒక కుర్రాడి కారు దగ్గర ఇలాగే ఇచ్చాను. కుడి డోరు 118 చూపించింది. ఎడమ డోరు 640. మళ్లీ పెట్టాడు, 655. "నేను రెండో ఓనర్నండీ, నాకు తెలీదు" అన్నాడు. మొహం చూస్తే నిజంగానే తెలియనట్టుంది. అప్పటిదాకా "రేటు ఫిక్స్, ఒక్క రూపాయి తగ్గదు" అన్నవాడు కాస్త ఆగి, "అయితే మీరెంత అనుకుంటున్నారు?" అన్నాడు. బేరంలో ఆ ప్రశ్న అవతలివాళ్ల నోటి నుంచి వచ్చాక ఇక నేను ఒప్పించాల్సింది పెద్దగా ఉండదు. డోరుకి తగిలిన దెబ్బ డోరుతోనే ఆగిందని పిల్లర్లు (డోర్ల మధ్య రూఫ్‌ని మోసే స్తంభాలు) కొలిచి చూసుకుని, ఎంత తగ్గించాలో ఇద్దరం కూర్చుని లెక్కేశాం.

పిల్లర్ల మీదా రూఫ్ మీదా పుట్టీ కనపడితే మాత్రం లెక్కలు వేయను. చిన్న చిన్న గుద్దుళ్లకు రూఫ్ పాడవదు. ఎంత తగ్గించినా వద్దనుకుని, టీ ఇస్తామన్నా మొహమాటపడకుండా వచ్చేస్తాను.

ఇక వీటికి చేతకానివి చాలా ఉన్నాయి, ఆ చిట్టా కూడా పెద్దదే. వరదలో మునిగిన బండిని ఇవి పట్టలేవు. దానికి సీట్ బెల్టుని చివరిదాకా లాగి చూడాలి. పైభాగం కడిగి ఉంచుతారు గానీ, చుట్టలో ఉన్న ఆఖరి జానెడు మీద బురద చార ఉండిపోతుంది. టైమింగ్ బెల్టు (ఇంజన్లో పిస్టన్లకు తగ్గట్టు వాల్వులు తెరుచుకునేలా చేసేది) ఎప్పుడు మార్చారో స్కానర్‌కి తెలియదు. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి మొత్తం పోతుంది. కాబట్టి బెల్టు ఇంజనైతే, మార్చిన బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్కేసి ఆ ఖర్చు బేరంలో పెడతాను. (చెయిన్ ఉన్న ఇంజనా, బెల్టు ఉన్నదా అనేది వెళ్లే ముందే తెలుసుకోండి. చెయిన్ బండి ఓనర్‌ని బెల్టు గురించి నిలదీస్తే పరువు పోతుంది.) చవక స్కానర్ మామూలు యాప్‌తో ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) కోడ్లు చదవదు, దానికి ఆ కంపెనీ బండ్లకు పనికొచ్చే యాప్ కావాలి. బండి తిరిగిన దూరం చూపించే మీటర్‌ని వెనక్కి తిప్పారా అన్నది కూడా ఖాయంగా తేల్చదు. అక్కడ సర్వీస్ బిల్లుల మీద రాసిన కిలోమీటర్లే దిక్కు.

టైర్లకైతే ఏ పరికరమూ అక్కర్లేదు. టైరు పక్కభాగం మీద DOT అని రాసి ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు చదివితే చాలు. 2319 అంటే 2019లో 23వ వారం. బండి 2021ది అని చెప్పి టైర్లు 2319 ఉంటే సరిపోదు గానీ అనుమానించేంత కాదు, స్టాకులో ఉండి ఉండొచ్చు. బండి తక్కువ తిరిగిందని చెప్తూ, అప్పుడే రెండో సెట్టు టైర్లు ఉంటే మాత్రం ఎందుకో అడగాలి. నాలుగూ ఒకే బ్రాండు, గాడి లోతు బాగా ఉంటే మాట్లాడను. గాడి 1.6 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరికి వచ్చేస్తే నాలుగు టైర్ల ఖర్చూ చెప్తాను. ఓనర్ ఈమధ్యే కొత్త టైర్లు వేయించి ఆ డబ్బంతా ధర మీద వేస్తే మాత్రం ఒప్పుకోను. టైర్లు లేకుండా కారు ఎవరూ అమ్మరు కదా.

ధర ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఇవి చెప్పవు. ఆ పని ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. అదే మోడల్, అదే ఏడు, అదే ఇంధనం, దగ్గర దగ్గర కిలోమీటర్లున్న ప్రకటనలు కొన్నాళ్లు గమనిస్తే, ఏ ధర దగ్గర బండ్లు మాయమవుతున్నాయో, ఏ ధర దగ్గర వారాల తరబడి ఉండిపోతున్నాయో తెలుస్తుంది. ఓనర్ మనసులో కింది గీత, డీలర్ ఎక్స్ఛేంజ్‌లో ఇస్తానన్న ధర. మన పై గీత, అలాంటి బండినే డీలర్ అమ్మే ధర. డీలర్ ధరలో వారంటీ, అతను చేయించిన రిపేర్లు, లాభం అన్నీ ఉంటాయి. ఓనర్ దగ్గర అవేవీ రావు కాబట్టి ఆ పై గీత దాకా పోవడం దండగ. ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే బేరం, స్కానరూ మీటరూ పనిచేసేదీ అక్కడే. ఫోన్‌లో "లాస్ట్ ఎంతకిస్తారు" అని మాత్రం అడగను. బండి చూడకుండా తగ్గించమంటే ఓనర్ చెప్పే అంకె మర్యాదకి చెప్పేదే. పైగా వెళ్లాక అక్కడి నుంచి ఇంకా తగ్గించమంటే ఆయనకి మండుతుంది. ఆ మంటా న్యాయమే.

అన్నీ సరిగ్గా ఉన్న బండి దగ్గర ఈ పరికరాలు మన నోరే కట్టేస్తాయి. ఒక బండికి చుట్టూ ఎక్కడ పెట్టినా 100కీ 130కీ మధ్యే వచ్చింది. కోడ్లు లేవు, చెరిపి చాలా దూరం నడిచింది, బిల్లులన్నీ ఫైల్లో వరసగా ఉన్నాయి, రెండు తాళాలూ ఉన్నాయి. అడిగిన ధర కూడా సంతలో నడిచే ధరే. నాతో వచ్చిన స్నేహితుడు పక్కకి లాగి, "కాస్తయినా తగ్గించమని అడగవేంట్రా!" అని గొణిగాడు. ఏం చెప్పి అడగాలి? అడిగినంతకే తీసుకోమన్నాను. వాడికి ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంది గానీ బండి మాత్రం అమ్మలేదు. వాడిన బండిలో వాడకం కనపడుతుంది. సీటు కవరు మాసిందనీ, బంపరు మీద గీత ఉందనీ ప్రతిదానికీ ధర కోయమంటే ఓనర్ అసలు విషయం దగ్గర కూడా బిగుసుకుపోతాడు. అందుకే నేను పెద్ద ఖర్చులు రెండో మూడో ఎంచుకుని, వాటికే కాగితం చూపిస్తాను. మిగతావి నోరెత్తను.

ఇన్నేళ్లలో స్కానర్‌కి ఏమీ కాలేదు. దాన్ని బండిలోనే వదిలేస్తే నిలబడ్డ కారు బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతుంది కాబట్టి పని కాగానే పీకేస్తాను. పెయింట్ మీటర్ ఒకసారి కిందపడి కేసు పగిలింది, రీడింగ్ మాత్రం ప్లేటు మీద సరిగ్గానే వస్తోంది. రెండిట్లో ఒకటే కొనాలంటే స్కానర్ కొనండి. జీవితంలో ఒకే ఒక్కసారి కారు కొనేవాళ్లు రెండూ కొననక్కర్లేదు, ఆ డబ్బుతో మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లడం మేలు. కారు లిఫ్ట్ ఎక్కించి అడుగు భాగం చూడగలిగేది అతనే, ఆ పని నా పరికరాలు ఎన్నటికీ చేయలేవు.

ఈమధ్య అందరూ ఎలక్ట్రిక్ బండ్లు చూడ్డానికి పిలుస్తున్నారు. ఈ ఓబీడీ ఏర్పాటు పుట్టిందే పొగ కాలుష్యాన్ని అదుపు చేసే భాగాలను కనిపెట్టుకోవడానికి కాబట్టి, నేను ఇప్పటిదాకా చెప్పిన రీడింగుల్లో చాలావాటికి అక్కడ అర్థమే లేదు. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో చూడాలి, దానికి ఆ మోడల్‌కి పనికొచ్చే యాప్ ఉండాలి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో అందులో రాసి ఉంటుంది. అది కొత్త ఓనర్‌కి బదిలీ అవుతుందా అన్నది మొదటి ప్రశ్నగా అడుగుతున్నాను. పెయింట్ మీటర్ పని మాత్రం అక్కడా మారలేదు.