పాత కబ్ క్యాడెట్ 128కి ఎంత ఇచ్చాను, ఎందుకిచ్చాను

ఈ పాత గార్డెన్ ట్రాక్టర్‌ని చూడటానికి వెళ్లినప్పుడు నేను మొదట చేసిన పని బానెట్ ఎత్తి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టడం. వెచ్చగా తగిలింది. "మీరొస్తున్నారని పొద్దున్నే స్టార్ట్ చేసి ఉంచానండీ" అన్నారు అమ్మే పెద్దాయన. మంచికే చేసి ఉంటారు. కానీ పాత ఇంజన్‌లో ఉన్న జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. అందుకని ధర ఊసెత్తకుండా, "రేపు మళ్లీ వస్తానండీ, అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి" అని చెప్పి వచ్చేశాను.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కబ్ క్యాడెట్ పేరుతో గార్డెన్ ట్రాక్టర్లు 1961లో మొదలుపెట్టింది. 128 మోడల్ 1971 నుంచి 1974 దాకా వచ్చింది. ఇంజన్ కోలర్ కంపెనీ చేసిన కె301. ఒకటే సిలిండర్, 476 సీసీ, 12 హార్స్‌పవర్, బ్లాకు అంతా పోత ఇనుము. ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి బెల్టు ఉండదు, నేరుగా షాఫ్టే. ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి. 50 ఏళ్లు దాటినా ఇంకా పనికొస్తోందంటే ఆ ఇనుము వల్లే, నేను డబ్బు పెట్టేదీ ఆ ఇనుముకే.

రంగుకి మాత్రం పైసా కట్టలేదు. కొత్తగా పసుపు, తెలుపు వేయించి ముచ్చటగా పెట్టారు. దగ్గరికి వంగి చూస్తే ముందు ఇరుసు దగ్గర గ్రీజు ఎక్కించే చిన్న మొనల (నిపిళ్ల) మీద కూడా రంగు పొర ఉంది, ఎక్కడా పగల్లేదు. అంటే రంగు వేశాక గ్రీజు గన్ అటు పోలేదన్నమాట. స్టీరింగ్ తిప్పి చూస్తే చక్రం కదలడానికి ముందే చెయ్యి చాలా దూరం తిరుగుతోంది. బాక్స్‌లో స్క్రూ సర్దితే కొంత తగ్గుతుంది, మిగతాది అరిగిన జాయింట్లదే.

మర్నాడు చల్లటి ఇంజన్. ముందు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆపే నీడిల్ సరిగా పట్టడం లేదని అనుమానించాలి. ఇక్కడ ఆ వాసన లేదు. సెల్ఫ్ కొట్టగానే బెల్టు కీచుమంది. ఈ బండిలో సెల్ఫ్ మోటారూ డైనమో రెండూ ఒకటే, బెల్టుతో తిరుగుతుంది. పోతే రెండూ పోయినట్టే, కాబట్టి బ్యాటరీకి మీటర్ పెట్టించి ఛార్జింగ్ వస్తోందో లేదో చూసుకున్నాను. వస్తోంది. ఇంజన్ అందుకోగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ బుస్సున వచ్చి కాసేపటికి ఆగింది. నిన్న వేడి మీద స్టార్ట్ చేస్తే నాకు ఇది కనిపించేదే కాదు.

నీలం పొగంటే ఆయిల్ కాలుతోందన్నమాట, అయినా అది చూసి పారిపోనక్కర్లేదు. ఈ ఇంజన్‌కి 0.01, 0.02, 0.03 అంగుళాల ఓవర్‌సైజు పిస్టన్లు ఉన్నాయి, బోరు చేయించుకోవచ్చు, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల కాస్త పెద్దది చేయించి పెద్ద పిస్టన్ వేయించడం. కాకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గాలి. ఎవరో మెకానిక్ గేజి పెట్టి "కంప్రెషన్ లేదు, ఇంజన్ అయిపోయింది" అన్నాడని పెద్దాయనకి అదే టెన్షన్. ఆ మాట తప్పని ఆయనకి చెప్పాను. తేలిగ్గా స్టార్ట్ అవ్వడానికి ఈ ఇంజన్‌లో కంప్రెషన్‌ని, అంటే సిలిండర్‌లో ఒత్తిడిని, కొంచెం వదిలేసే ఏర్పాటు ఉంది, అందుకే సెల్ఫ్ మీద గేజి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అది ఎక్కడ పోతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేస్తేనే నిజం తెలుస్తుంది. తెలిసిన మాట దాచి బేరమాడటం నా వల్ల కాదు. టెస్ట్‌లో గాలి కొంత రింగుల దగ్గర పోతోంది, వాల్వులు బాగానే పట్టాయి.

గేర్‌బాక్స్ వెనక ప్లగ్ విప్పి చూశాను. నూనె పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. ఇది శుభ్రంగా ఉంది. ఏటవాలు మీద లోడుతో నడిపితే గేరు జారలేదు. మీరు చూసేది హైడ్రో బండి (గేర్లకి బదులు నూనె ఒత్తిడితో నడిచేది) అయితే ఇంజన్‌ని చల్లగా చూసినా, హైడ్రోని మాత్రం అరగంట నడిపి వేడెక్కాకే చూడండి. అరిగిన పంపు నీరసం నూనె పలచబడ్డాకే తెలుస్తుంది.

ధర కట్టిన తీరు చెప్తాను. ఇదే మోడల్, పనిచేస్తూ, సామానుతో సహా నిజంగా ఎంతకి అమ్ముడైందో రెండు మూడు చోట్ల కనుక్కున్నాను. అమ్మేవాళ్లు అడిగే రేట్లు లెక్కలోకి తీసుకోలేదు. అందులోంచి బోరు, పిస్టన్, రింగుల ఖర్చు, స్టీరింగ్ జాయింట్లు, టైర్లు తీసేశాను. గడ్డి కోసే 42 అంగుళాల డెక్ ఉంది గానీ, ఇంజన్ నుంచి దానికి బెల్టు మళ్లించే పుల్లీల బ్రాకెట్, మ్యూల్ డ్రైవ్ అంటారు, అది లేదు. అది లేకపోతే డెక్ ఉత్త ఇనుప రేకే, కాబట్టి దాని ఖరీదు కూడా తీశాను. ఆయన అడిగింది పది భాగాలనుకుంటే నా లెక్క ఆరుకి తేలింది. కాగితం ఆయన చేతిలో పెట్టి ఒక్కో పద్దూ వివరించాను. ఆరున్నర దగ్గర కుదిరింది. ఆ అర భాగం ఆయన ఇచ్చిన పాత మాన్యువల్‌కి, దాచిపెట్టిన స్పేర్ పాయింట్లకి (స్పార్క్ రప్పించే కాంటాక్టు ముక్కలకి).

ఒక సీజన్ వాడాను. ఆయిల్ కొంచెం తాగుతోంది, రింగుల పని ఇంకా చేయించలేదు. గ్రీజు పట్టించాక స్టీరింగ్ తేలికైంది. బలం విషయంలో ఒక్క ఫిర్యాదూ లేదు. ఇలాంటిదే ఇంకోటి దొరికితే ఇదే లెక్కతో కొంటాను.

కొన్న రెండు వారాలకి పెద్దాయన ఫోన్ చేశారు. "షెడ్డులో అటక మీద ఆ బ్రాకెట్ దొరికిందండీ, వచ్చి తీసుకెళ్లండి" అన్నారు. వెళ్లి, దాని పేరు మీద తగ్గించిన డబ్బు ఆయన వద్దన్నా చేతిలో పెట్టి తెచ్చుకున్నాను.